క్యాన్సర్ జీవసూచకములను గుర్తించు నానో పదార్థ జీవసంవేదకములు

శరీరమునందు పుట్టిన క్యాన్సర్ కణములు తమ వృద్ధిక్రమమున రక్తములోనికి, మూత్రములోనికి, లాలాజలములోనికి విడుచు ప్రోటీనులను, న్యూక్లియిక్ ఆమ్ల ఖండములను, కణాంశములను అవి అత్యల్ప పరిమాణమున ఉన్నపుడే పట్టుకొని, ఆ పట్టును కొలువదగిన విద్యుత్సంకేతముగనో కాంతిసంకేతముగనో మార్చి చూపు పరికరములలో, నానోమీటరు పరిమాణముగల పదార్థములను ప్రధానాంగములుగా కలిగినవి నానో పదార్థ జీవసంవేదకములు. ప్రయోగశాలలలో వీనిని నానో బయోసెన్సర్లని వ్యవహరింతురు. నానోమీటరు మీటరులో నూరుకోట్లవ వంతు. డి.ఎన్.ఎ. జంటపేట వెడల్పు సుమారు 2 నానోమీటర్లు. ప్రతిరక్షకపు అణువు పొడవు సుమారు 10 నానోమీటర్లు. ఎర్ర రక్తకణపు వ్యాసము సుమారు 7,000 నానోమీటర్లు. వెదకబడు అణువు ఎంతటిదో వెదకు పదార్థమును అంతటిదే అగుటచేత, ఒక్క అణువు వచ్చి తాకినను ఆ పదార్థపు స్థితి గుర్తింపదగినంతగా మారును. ఈ విద్యకంతకును మూలమైన సంగతి ఇదియే.

2022వ సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ననుసరించి ప్రపంచమున ఒక్క ఏట సుమారు 2 కోట్ల మందికి కొత్తగా క్యాన్సర్ ఏర్పడగా, సుమారు 97 లక్షల మంది ఆ వ్యాధివలన మరణించిరి. భారతదేశమున ఈ సంఖ్యలు క్రమముగ 14 లక్షలును, 9 లక్షలును. పుట్టినచోటనే నిలిచియున్న కణితిని శస్త్రచికిత్సచే తొలగించి రోగిని కాపాడుట అనేకవిధములైన క్యాన్సర్లలో సాధ్యమే. కాని అదే వ్యాధి కాలేయమునకో, ఊపిరితిత్తులకో, ఎముకలకో ప్రాకిన పిమ్మట వైద్యుని శక్తి చాలవరకు ఆయువును కొంత పొడిగించుటకును, బాధను తగ్గించుటకును పరిమితమగును. కావున వ్యాధిని ముందుగా కనుగొనవలెనను తపన ఈ రంగమున పనిచేయువారందరిని నడిపించుచున్నది. అయితే ఇచట రెండు ప్రశ్నలు కలవు: ఎంత స్వల్పమైన దానిని కనుగొనగలమనునది మొదటిది, కనుగొన్నదాని అర్థమేమనునది రెండవది. మొదటిదానికి నానో శాస్త్రము ఘనమైన సమాధానము చెప్పినది. రెండవదానికి సమాధానము ఇంకను వైద్యశాలలలోనే తేలవలసియున్నది. ఈ రెంటిని వేరుచేసి చూడనిచో ఈ రంగపు విజయములను గాని, కొరతలను గాని సరిగా తూచజాలము.

జీవసూచకములు

వ్యాధియొక్క ఉనికిని, గతిని, చికిత్సాఫలమును తెలుపుచు కొలతకు లొంగు శారీరక పదార్థము జీవసూచకము. క్యాన్సర్ విషయమున అట్టి సూచకమును తొలుదొలుత వర్ణించినవాడు లండన్ వైద్యుడు హెన్రీ బెన్స్ జోన్స్. 1847లో ఆయన ఎముకలు మెత్తబడి బాధపడిన యొక రోగి మూత్రమున, మరిగించినపుడు కరగి చల్లారినపుడు మరల పేరుకొను విచిత్రమైన ప్రోటీనును గూర్చి వ్రాసెను. అది మైలోమా అను ఎముకమజ్జ క్యాన్సరునకు చిహ్నమని తరువాతివారు నిర్ధారించిరి. 1963లో మాస్కో నగరమున గారీ అబేలెవ్, కాలేయపు కణితులుగల ఎలుకల రక్తమున, పిండదశలో మాత్రమే సమృద్ధిగ నుండవలసిన ఆల్ఫా ఫీటోప్రోటీను మరల ప్రత్యక్షమగుటను కనుగొనెను. 1965లో మాంట్రియల్ నగరమున ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అను శాస్త్రజ్ఞులు పెద్దప్రేగు క్యాన్సరునుండి సి.ఇ.ఎ. అను మరియొక పిండదశా ప్రోటీనును వేరుచేసిరి. ప్రోస్టేట్ గ్రంథికి చెందిన పి.ఎస్.ఎ. అను ప్రోటీను 1979లో అమెరికాలోని బఫెలో నగరమున శుద్ధరూపమున లభించినది. అండాశయ క్యాన్సరునకు సూచకమైన సి.ఎ. 125ను 1981లో బోస్టన్ నగరమున రాబర్ట్ బాస్ట్ బృందము వెలువరించినది.

ఈ పదార్థములు రక్తమున ఉండు పరిమాణము మిక్కిలి స్వల్పము. పి.ఎస్.ఎ. విషయమున చిరకాలముగ హద్దుగా గ్రహింపబడుచున్నది మిల్లీలీటరునకు 4 నానోగ్రాములు, సి.ఇ.ఎ. విషయమున సాధారణముగ 5 నానోగ్రాములు, సి.ఎ. 125 విషయమున 35 యూనిట్లు. అదే మిల్లీలీటరు సీరమున ఆల్బుమిన్ అను ప్రోటీను ఒక్కటియే సుమారు 40 మిల్లీగ్రాములుండును. 4 నానోగ్రాములు అందులో కోటివ వంతు. రెండువందల కిలోల బియ్యపు రాశిలో రంగు మారిన ఒక్క గింజను ఏరుట యెట్టిదో ఈ వెదకులాట అట్టిది. వ్యాధి ఆరంభదశలో వెదకవలసిన పరిమాణము దీనికంటెను తక్కువ కావచ్చును.

ప్రోటీనులు గాక, నేడు మరి మూడు తెగల సూచకములు శాస్త్రజ్ఞుల దృష్టి నాకర్షించుచున్నవి. కణములు నశించునపుడు రక్తములోనికి వెలువడు డి.ఎన్.ఎ. ఖండములను 1948లోనే ఫ్రాన్సు దేశీయులైన మాండెల్, మెటాయి గుర్తించిరి. కణితినుండి వచ్చిన ఖండములలో ఆ కణితికే ప్రత్యేకమైన జన్యు ఉత్పరివర్తనములు కానవచ్చును. సుమారు 22 న్యూక్లియోటైడుల పొడవు మాత్రమే గల మైక్రో ఆర్.ఎన్.ఎ.లు రెండవ తెగ. వీనిలో మొదటిదానిని 1993లో ప్రకటించిన విక్టర్ ఆంబ్రోస్, ఆయనతోపాటు ఈ క్షేత్రమున కృషిచేసిన గ్యారీ రవ్కున్ 2024లో నోబెల్ బహుమానమును పొందిరి. ఇవి రక్తమున చెడక నిలుచునని 2008లో సియాటిల్ నగరమున జరిగిన పరిశోధన చూపినది. కణములు బయటికి విడుచు, 30 మొదలు 150 నానోమీటర్ల వ్యాసముగల ఎక్సోసోములను సూక్ష్మ కోశికలును, కణితినుండి ఊడి రక్తమున తిరుగాడు పూర్తి కణములును మూడవ తెగకు చేరును.

పూర్వరంగము

నానో పదార్థములు రాకమునుపే రెండు ధారలు ఈ విద్యకు దారి తీర్చినవి. మొదటిది ప్రతిరక్షక పరీక్షల ధార. 1960 ప్రాంతమున న్యూయార్క్ నగరమున రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రేడియోధార్మిక ఇన్సులినును ప్రతిరక్షకముతో జోడించి రక్తమునందలి ఇన్సులినును కొలిచిరి. ఈ కృషికి యాలో 1977లో నోబెల్ బహుమానమును గ్రహించినది. 1971లో స్టాక్‌హోమ్ నగరమున ఎవా ఎంగ్‌వాల్, పీటర్ పెర్ల్‌మన్ రేడియోధార్మిక పదార్థమునకు మారుగ ఎంజైమును నియోగించి ఎలీసా పరీక్షను రూపొందించిరి. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ ఒకే లక్ష్యమునకు కట్టుబడు ప్రతిరక్షకములను ఎంతకావలెనన్న అంత తయారుచేయు ఉపాయమును కనిపెట్టిరి. రెండవది సంవేదకముల ధార. 1962లో అమెరికా శాస్త్రజ్ఞుడు లీలండ్ క్లార్క్, తన సహచరుడు లయన్స్‌తో కూడి, ఆక్సిజన్ ఎలక్ట్రోడుపై గ్లూకోజును ఆక్సీకరించు ఎంజైమును నిలిపి తొలి జీవసంవేదకమును వర్ణించెను. మధుమేహ రోగులు నేడు ఇండ్లలో వాడు రక్తపు చక్కెర మీటరు ఆ వంశమునకు చెందినదే.

ప్రతి జీవసంవేదకమునకును రెండు అంగములు. లక్ష్యమును మాత్రమే ఎంచుకొని పట్టునది మొదటిది; అది ప్రతిరక్షకము కావచ్చును, పూరక డి.ఎన్.ఎ. తంతువు కావచ్చును, 1990లో రెండు పరిశోధక బృందములు వేరువేరుగ కనిపెట్టిన ఆప్టమర్ అను మడతపడిన న్యూక్లియిక్ ఆమ్లము కావచ్చును. ఆ పట్టును సంకేతముగ మార్చునది రెండవది. ఎలీసా పరీక్షకు గంటలకొలది కాలమును, ప్రయోగశాలయు, శిక్షణ పొందిన చేతులును వలయును. పైగా పికోగ్రాముల స్థాయి దాటి క్రిందికి పోవుట దానికి దుస్సాధ్యము. నానో పదార్థములు ఈ రెండవ అంగమున ప్రవేశించి స్థితిని మార్చివేసినవి.

నానో పదార్థముల ధర్మములు

పదార్థమును నానోమీటర్ల ప్రమాణమునకు దించినపుడు మొదట పెరుగునది ఉపరితలము. ఒక్కొక్క అంచు సెంటీమీటరుగల ఘనపు ఉపరితలము 6 చదరపు సెంటీమీటర్లు. దానినే నానోమీటరు అంచుగల ఘనములుగ ఛేదింపగలిగినచో మొత్తము ఉపరితలము 6,000 చదరపు మీటర్లగును, అనగా సుమారు ఎకరమున్నర. ఇంత ఉపరితలముపై కూర్చగల ప్రతిరక్షకములు, ఎంజైములు, డి.ఎన్.ఎ. తంతువులు అనేకములు, ఒక్క లక్ష్యాణువు చిక్కినను అది వేలకొలది సంకేతవాహకములను వెంటబెట్టుకొని రాగలదు. నానో సంవేదకములు స్వల్పమును ఘనముగ చూపుట ప్రధానముగ ఈ ఉపాయముచేతనే.

రెండవ మార్పు ధర్మములయందే జరుగును. బంగారపు నానో రేణువుల ద్రావణము పసుపుపచ్చగ గాక మాణిక్యపు ఎరుపుగ నుండుటను 1857లో మైకేల్ ఫారడే వివరముగ పరిశీలించెను. 1908లో గుస్టావ్ మీ ఆ వర్ణమునకు గణితరూపమైన కారణమును చెప్పెను. వెలుగు సోకినపుడు రేణువునందలి ఎలక్ట్రానులన్నియు ఒక్క లయలో ఊగి, సుమారు 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల ఆకుపచ్చ కాంతిని గ్రహించును. రేణువులు ఒకదానినొకటి సమీపించినచో ఆ ఎరుపు నీలముగ మారును. కనుకనే అవి రంగుతో మాటలాడు సాక్షులైనవి. 1951లో టర్కెవిచ్ బృందము సిట్రేటుతో వీనిని సులభముగ తయారుచేయు పద్ధతిని స్థిరపరచినది. గంధకముతో బంగారమునకుగల గాఢబంధమువలన గంధకాంత్యముగల డి.ఎన్.ఎ. తంతువులను, ప్రోటీనులను వీనిపై కూర్చుట తేలిక.

1991లో జపాను శాస్త్రజ్ఞుడు సుమియో ఇజిమా వర్ణించిన కార్బన్ నానో నాళములును, 2004లో మాంచెస్టర్ నగరమున ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ వేరుచేసిన ఒక్క పరమాణువు మందముగల గ్రాఫీనును మంచి విద్యుద్వాహకములు. ఏకపొర నాళమునను, గ్రాఫీను పొరయందును ప్రతి పరమాణువును ఉపరితలముననే ఉండుటచేత, పరిసరమున చేరిన చిన్న విద్యుదావేశమైనను వీని వాహకతను మార్చును. క్వాంటం బిందువులని పిలువబడు అర్ధవాహక స్ఫటికములు తమ పరిమాణము ననుసరించి వేరువేరు రంగుల కాంతిని వెదజల్లును. కాడ్మియం సెలినైడ్ బిందువులలో 2 నానోమీటర్లవి నీలముగను, 6 నానోమీటర్లవి ఎరుపుగను వెలుగును. వీనిని కనుగొని తీర్చిదిద్దిన ఎకిమోవ్, బ్రూస్, బావెండి 2023లో రసాయన నోబెల్ బహుమానమును పొందిరి. ఐరన్ ఆక్సైడ్ నానో రేణువులు అయస్కాంతము దగ్గర ఉన్నంతసేపు మాత్రమే అయస్కాంతములై, దానిని తీసివేయగనే ఆ గుణమును విడుచును; అందుచేత అవి లక్ష్యమును పట్టి ఒకచోటికి లాగుటకును, పిమ్మట చెదరి విడివడుటకును అనుకూలములు.

గుర్తింపు మార్గములు

విద్యుద్రసాయన మార్గము వీనిలో ప్రాచీనమును, చౌకయైనదియు. ఎలక్ట్రోడుపై నిలిపిన ప్రతిరక్షకము లక్ష్యమును పట్టగా, ఎంజైము ధరించిన రెండవ ప్రతిరక్షకము పైనుండి వచ్చి కూడును. ఎంజైము జరుపు చర్యవలన పుట్టు విద్యుత్ప్రవాహము లక్ష్యపు పరిమాణమును తెలుపును. 2006లో కనెక్టికట్ విశ్వవిద్యాలయమున జేమ్స్ రస్లింగ్ బృందము నిలువుగ నాటిన కార్బన్ నాళముల వనమును ఎలక్ట్రోడుగ వాడి, రెండవ ప్రతిరక్షకమునకు మారుగ అనేక ఎంజైము అణువులను మోయు నాళమును నియోగించి, మిల్లీలీటరునకు 4 పికోగ్రాముల పి.ఎస్.ఎ.ను కొలిచినది. వైద్యశాలల హద్దుకంటె ఇది వేయి రెట్లు తక్కువ.

క్షేత్రప్రభావ ట్రాన్సిస్టర్ మార్గమున ఎంజైముగాని, రంగుగాని అవసరము లేదు. 1970లో నెదర్లాండ్స్ దేశీయుడు పీట్ బర్గ్‌వెల్డ్ అయానులను గుర్తించు ట్రాన్సిస్టరును వర్ణించెను. 2001లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమున చార్లెస్ లీబర్ బృందము సిలికాన్ నానో తీగను ఆ స్థానమున నిలిపినది. ఆవేశముగల ప్రోటీను తీగపై అంటగనే తీగలోని ప్రవాహము మారును. 2005లో అదే బృందము అనేక తీగలను ఒక్క ఫలకముపై అమర్చి పి.ఎస్.ఎ., సి.ఇ.ఎ., మ్యూసిన్ 1 అను సూచకములను ఏకకాలమున, ఫెమ్టోమోలార్ స్థాయిలో గుర్తించినది. ఫెమ్టోమోలార్ అనగా మిల్లీలీటరునకు సుమారు 6 లక్షల అణువులు.

కాంతి మార్గములు బహువిధములు. పలుచని లోహపు పొరపై పడిన కాంతి మిక్కిలి తక్కువగ పరావర్తనము చెందు కోణము, ఆ పొరకు అంటిన అణువులవలన మారుట ఆధారముగ 1983లో స్వీడన్ శాస్త్రజ్ఞులు తొలి ఉపరితల ప్లాస్మాన్ సంవేదకమును నిర్మించిరి. 1996లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున చాడ్ మిర్కిన్ బృందము డి.ఎన్.ఎ. ధరించిన బంగారు రేణువులు ఒకదానినొకటి చేరి రంగు మారుటను చూపినది. ఈ శాఖ మన దేశమునకు ఒక విధముగ ఋణపడియున్నది. 1928లో కలకత్తాలో చంద్రశేఖర వేంకట రామన్ కనుగొన్న కాంతివికిరణ ధర్మము ప్రతి అణువునకును దాని వేలిముద్ర వంటి వర్ణపటమును ఇచ్చును. కాని ఆ కాంతి సహజముగ అతిదుర్బలము. 1974లో సౌతాంప్టన్ నగరమున ఫ్లైష్‌మన్ బృందము గరుకు వెండి తలముపై ఆ కాంతి ప్రబలముగ నుండుటను గమనించినది. వెండి, బంగారు నానో తలములపై అది పది లక్షల రెట్ల వరకు ప్రబలమగునని 1977లో వెలువడిన పరిశోధనలు తేల్చినవి. ఒక్కొక్క సూచకమునకు ఒక్కొక్క వర్ణపటపు గుర్తు తగిలించి, ఒకే రక్తపు బొట్టులో అనేక సూచకములను కొలుచుటకు నేడు ఈ ధర్మము ఉపకరించుచున్నది. మందుల దుకాణములలో దొరకు గర్భనిర్ధారణ పట్టీలలో పెక్కింటిపై కానవచ్చు ఎర్రగీత బంగారు నానో రేణువులదే. అది గుర్తించు హెచ్.సి.జి. అను హార్మోను కోరియోకార్సినోమాకును, కొన్ని వృషణపు క్యాన్సర్లకును సూచకము కూడ.

అయస్కాంత మార్గమునకు ప్రత్యేకమైన సౌలభ్యము కలదు: రక్తమునకు అయస్కాంత గుణము దాదాపు లేకుండుటచేత, వెదకు రేణువులుదప్ప మరేదియు సంకేతము నీయదు. ఫెర్ట్, గ్రూన్‌బర్గ్ అనువారికి 2007లో నోబెల్ బహుమానము తెచ్చిన మహా అయస్కాంతనిరోధ ధర్మముపై ఆధారపడి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు షాన్ వాంగ్ బృందము ప్రోటీను సంవేదకములను నిర్మించినది. అయస్కాంత రేణువును, బంగారు రేణువును కలిపి వాడినది మిర్కిన్ బృందము. 2003లో వారు ప్రకటించిన పద్ధతిలో అయస్కాంత రేణువు లక్ష్యమును పట్టి లాగును. బంగారు రేణువు అదే లక్ష్యమునకు అంటి వందలకొలది డి.ఎన్.ఎ. తంతువులను మోసికొనివచ్చును, తుదకు కొలువబడునవి ఆ తంతువులే. ఈ ఉపాయముతో 30 అట్టోమోలార్ పి.ఎస్.ఎ., అనగా మిల్లీలీటరునకు సుమారు 18 వేల అణువులు, గుర్తింపబడినవి. 2009లో ప్రోస్టేట్ గ్రంథిని తొలగించిన రోగులయందు ఈ పద్ధతిని పరీక్షించి, సాధారణ పరీక్షలు శూన్యమని చెప్పినచోట గూడ పి.ఎస్.ఎ. హెచ్చుచున్నదో నిలుకడగ నున్నదో చూడగలిగిరి. గ్రంథియే లేని దేహమున ఆ ప్రోటీను పెరిగినచో శేషించిన వ్యాధి మరల తలయెత్తుచున్నదని ఊహింపవచ్చును. అతిసున్నితమైన కొలతకు స్పష్టమైన అర్థమున్న సందర్భమిది.

రక్తమున తిరుగాడు కణములు, కోశికలు

కణితియందలి ముక్కను సూదితోనో కత్తితోనో తీయక, రక్తపరీక్షచేతనే దాని స్వభావమును తెలిసికొనుటను ద్రవ బయాప్సి యందురు. క్యాన్సర్ రోగి రక్తమున కణితి కణములవంటివి ఉండుటను 1869లోనే ఆస్ట్రేలియా వైద్యుడు థామస్ ఆష్‌వర్త్ చూచెను. 2004లో అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన సెల్‌సెర్చ్ పరీక్షలో, ప్రతిరక్షకము ధరించిన ఇనుప నానో రేణువులు ఈ కణములను అయస్కాంతబలముచే వేరుచేయును. 7.5 మిల్లీలీటర్ల రక్తమున 3,500 కోట్లకు పైగా ఎర్రకణములుండగా, వానిలో 5 క్యాన్సర్ కణములు దొరకుటయే వ్యాపించిన స్తన క్యాన్సర్ రోగికి గడ్డుస్థితిని సూచించును. నానో పదార్థము పరిశోధనపత్రమును దాటి రోగి పడకవరకు వచ్చిన ఉదాహరణములలో ఇది ముఖ్యము.

ఫోలిక్ ఆమ్లమును పట్టు గ్రాహకములు అండాశయ క్యాన్సర్ మొదలగు కొన్నిటి కణములపై అధికముగ నుండును. ఆ ఆమ్లమును నానో తలములపై కూర్చి అట్టి కణములను ఆకర్షించు సంవేదకములు పెక్కు వెలువడినవి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వమున 1940 దశకమున లెడర్లీ ప్రయోగశాలలో సంశ్లేషితమైన ఫోలిక్ ఆమ్లము తొలుత రక్తహీనతకు మందై, దాని సదృశములు ల్యుకేమియా చికిత్సకు దారియై, నేడు క్యాన్సర్ కణములను పట్టు గాలముగ గూడ పరిణమించుట తెలుగువారికి స్మరణీయము. ఎక్సోసోముల విషయమున 2014లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి శాస్త్రజ్ఞులు బంగారు పొరలో నానో రంధ్రములను వరుసగ తొలిచి, వానిపై నిలిచిన కోశికలవలన ప్రసరించు కాంతి మారుటను గమనించి, అండాశయ క్యాన్సర్ రోగుల కోశికలను గుర్తించిరి.

రక్తమున ఎదురగు చిక్కులు

శుద్ధమైన ఉప్పునీటి ద్రావణమున అద్భుతముగ పనిచేసిన పరికరము రక్తమున తడబడుట ఈ రంగమున నిత్యానుభవము. దానికి కారణములు స్పష్టములే. నానో రేణువు రక్తమును తాకిన మరుక్షణమే ఆల్బుమిన్ మొదలగు ప్రోటీనులు దానిపై పొరగా పేరుకొని ప్రతిరక్షకములను కప్పివేయును. దీనిని నివారించుటకు పాలిథిలీన్ గ్లైకాల్ వంటి జలప్రియ పూతలను వాడుదురు. ట్రాన్సిస్టరు సంవేదకములకు వేరొక బాధ కలదు. రక్తమునందలి లవణపు అయానులు ప్రతి ఆవేశమును చుట్టుముట్టి, నానోమీటరు కంటె తక్కువ దూరముననే దాని ప్రభావమును మరుగుపరచును. ప్రతిరక్షకపు పొడవు 10 నానోమీటర్లగుటచేత దాని కొనకు చిక్కిన లక్ష్యపు ఆవేశము తీగవరకు చేరదు. అందుచేత లవణమును ముందుగా తొలగించుటయో, పొట్టివైన ప్రతిరక్షక ఖండములను, ఆప్టమర్లను వాడుటయో అవసరమగుచున్నది.

అంతకంటెను మౌలికమైన అడ్డంకి కాలము. ద్రావణము ఎంత పలుచనైనచో అణువు దానంతటది వచ్చి సూక్ష్మమైన తీగను తాకుటకు అంతకాలము పట్టును. కేవల విసరణముపై ఆధారపడిన నానో సంవేదకము నిమిషములలోగాని గంటలలోగాని ఫెమ్టోమోలార్ స్థాయిని దాటి క్రిందికి పోజాలదని 2005లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలకు చెందిన శాస్త్రజ్ఞులు లెక్కగట్టి చూపిరి. సంవేదకమును చిన్నది చేయుట ఒక్కటియే మేలు కాదనియు, లక్ష్యమును దానివద్దకు చేర్చు ప్రవాహమో అయస్కాంతమో తోడుపడవలెననియు దీనివలన తేలినది. అయస్కాంత రేణువులు ద్రవమంతటను తిరిగి లక్ష్యమును ఏరి తెచ్చు పద్ధతులు ఇంత సున్నితములగుటకు రహస్యమిదియే. ఇవిగాక, ఒక మారు తయారైన రేణువులకును మరియొక మారు తయారైనవానికిని భేదము లేకుండ చూచుట, నెలల తరబడి నిలువయున్నను ప్రతిరక్షకములు చెడకుండ కాపాడుట, కాడ్మియం వంటి విషలోహములను వాడిన పిమ్మట నిరపాయముగ పారవేయుట మున్నగు సమస్యలు కర్మాగారపు గుమ్మమున కాచుకొనియున్నవి.

ఫలితమునకు అర్థము

పరికరము నిర్దోషమైనను ఫలితము నిస్సంశయము కాదు. పి.ఎస్.ఎ. ప్రోస్టేట్ గ్రంథి వయోధర్మముచే ఉబ్బినపుడును, వాచినపుడును పెరుగును, సి.ఇ.ఎ. పొగత్రాగువారియందు ఎక్కువగ నుండును; సి.ఎ. 125 ఋతుకాలమునను, గర్భధారణ ఆరంభమునను హెచ్చవచ్చును. ఆల్ఫా ఫీటోప్రోటీను గర్భిణులయందును, కొన్ని కాలేయవ్యాధులయందును అధికము. ఇట్టి సూచకమును వేయి రెట్లు సున్నితముగ కొలిచినంతమాత్రమున అది వేయి రెట్లు సత్యమును చెప్పదు.

దీనిని ఒక లెక్కతో చూడవచ్చును. వేయిమందిలో ఒక్కరికి ఉన్న క్యాన్సరును వెదకుటకు నూటికి 99 పాళ్లు రోగులను పట్టునదియు, నూటికి 99 పాళ్లు ఆరోగ్యవంతులను విడుచునదియునైన పరీక్షను లక్షమందికి చేసితిమనుకొందము. 100 మంది రోగులలో 99 మంది పట్టుబడుదురు. కాని 99,900 మంది ఆరోగ్యవంతులలో 999 మందికి గూడ వ్యాధి ఉన్నట్లు ఫలితము వచ్చును. అనగా భయపెట్టబడిన 1,098 మందిలో నిజముగ రోగులు నూటికి తొమ్మిదిమంది మాత్రమే. మిగిలినవారు నిష్కారణముగ దిగులునకును, స్కానింగులకును, బయాప్సిలకును గురియగుదురు. అదే పరీక్షను వ్యాధి వచ్చు అవకాశము ఎక్కువగ నున్నవారికో, చికిత్స పొంది వ్యాధి తిరుగబెట్టునేమో యని చూడవలసినవారికో చేసినచో దాని విలువ ఎన్నో రెట్లు పెరుగును.

ఇది కేవలము కాగితముపై లెక్క కాదు. బ్రిటనులో 2 లక్షలకు పైబడిన స్త్రీలతో జరిపి 2021లో తుది ఫలితములను వెల్లడించిన అధ్యయనమున, సి.ఎ. 125ను ఏటేట కొలుచుటవలన అండాశయ క్యాన్సర్లు కొన్ని ముందుదశలో దొరికినను, ఆ వ్యాధివలని మరణములు తగ్గలేదు. పి.ఎస్.ఎ. పరీక్షను వ్యాధిలక్షణములు లేని పురుషులకు సామూహికముగ చేయవలదని 2012లో అమెరికా నివారణ వైద్య నిపుణుల సంఘము సూచించి, 2018లో 55 మొదలు 69 ఏండ్ల వయసువారు వైద్యునితో చర్చించి తామే నిర్ణయించుకొనవలెనని ఆ సూచనను సవరించినది. ఎన్నటికిని ప్రాణాపాయము కలిగింపని మందగతి కణితులు గూడ బయటపడి, రోగులు అనవసర శస్త్రచికిత్సకు లోనగుట ఇందుకొక ముఖ్యకారణము. కావున నేటి పరిశోధకులు ఒక్క సూచకముతో తృప్తిపడక, నాలుగైదు సూచకములను ఒకే ఫలకముపై కొలిచి, కాలక్రమమున ఒకే మనిషియందు అవి మారుతీరును గమనించుటకు మొగ్గుచున్నారు. నానో తీగలును, రామన్ గుర్తులును, రంగురంగుల క్వాంటం బిందువులును ఈ బహుసూచక పద్ధతికి సహజముగనే అనుకూలములు.

భారతదేశమున

పొగాకును నమలుట, పొగత్రాగుట, వక్కలు వాడుట విస్తారముగనున్న మన దేశమున నోటి క్యాన్సర్ పురుషులలో అగ్రశ్రేణి క్యాన్సర్లలో నొకటి. శ్రీకాకుళ ప్రాంతమున చుట్ట వెలుగుచున్న కొనను నోటిలోపల ఉంచుకొని త్రాగు అడ్డపొగ అలవాటు ముఖ్యముగ స్త్రీలలో ఉండుటయు, దానివలన అంగిటిపై మచ్చలును, పుండ్లును, క్యాన్సరును ఏర్పడుటయు పదివేలకు మించిన ఆంధ్ర గ్రామీణులను పరీక్షించి 1971లో ప్రకటించిన అధ్యయనమున సవివరముగ వర్ణితమైనది. ఇట్టి వ్యాధికి పరీక్షింపవలసిన ద్రవము నోటిలోనే ఊరుచున్నది. సూదిపోటు అక్కరలేదు, రక్తము తీయు సిబ్బంది అక్కరలేదు. ఢిల్లీ సాంకేతిక విశ్వవిద్యాలయమున బి.డి. మల్హోత్రా బృందము నానో నిర్మితమైన జిర్కోనియాపైనను, గ్రాఫీను జాతి పదార్థము పూసిన వాహక కాగితముపైనను ప్రతిరక్షకములను నిలిపి, క్యాన్సరును సూచించు ప్రోటీనులను విద్యుద్రసాయనరీతిని కొలుచు సంవేదకములను ప్రకటించినది. జిర్కోనియా సంవేదకపు లక్ష్యము లాలాజలమునందలి సిఫ్రా 21-1 అను నోటి క్యాన్సర్ సూచకము. 2007లో భారత ప్రభుత్వము ఆరంభించిన నానో మిషన్ ఇట్టి పరిశోధనలకు ప్రయోగశాలలను, పరికరములను సమకూర్చుటలో తోడ్పడినది.

కాగితముపై ముద్రింపదగిన, చేతిఫోనుతో చదువదగిన సంవేదకము, నోటిని కంటితో చూచి అనుమానింపగల ఆరోగ్య కార్యకర్త చేతికి అందినచో, జిల్లా కేంద్రమునకు ఎవరిని వెంటనే పంపవలయునో తేల్చుకొనుటకు ఉపకరించును. అయితే పంపిన రోగికి అచట బయాప్సియు, శస్త్రచికిత్సయు, కిరణచికిత్సయు సకాలమున లభింపవలయును. లేనిచో ముందుగ తెలిసిన చెడువార్త దుఃఖమును మాత్రమే ముందునకు జరుపును.

విలువను తూచు కొలమానము

గడచిన పాతికేండ్లలో వెలువడిన నానో సంవేదకముల పరిశోధనపత్రములు అనేక సహస్రములు. వానిలో వైద్యశాల గడప నెక్కినవి కొలదియే. ఈ భేదమునకు కారణము శాస్త్రజ్ఞుల అసమర్థత కాదు; ప్రయోగశాలలో గెలుపును కొలుచునది అతిస్వల్పమును చూడగల శక్తియగుటయు, వైద్యశాలలో గెలుపును కొలుచునది రోగి చికిత్స మెరుగుపడుటయగుటయు ఇందుకు కారణము. మొదటి కొలమానమున ఈ పరికరములు జీవరసాయన శాస్త్రము ముందెన్నడు ఎరుగని సూక్ష్మతను సాధించినవి. రెండవ కొలమానమున నెగ్గుటకు కావలసినవి వేరు: శుద్ధద్రావణమున గాక రోగుల రక్తమున చేసిన పరీక్షలు; వ్యాధి బయటపడుటకు ఏండ్లముందు సేకరించి భద్రపరచిన సీరపు నమూనాలు; వేలకొలది జనులను దశాబ్దములపాటు కనిపెట్టియుండు ఓర్పు; ఫలితము ప్రతికూలమైనను దాచక ప్రకటించు నిజాయితీ. శస్త్రచికిత్సానంతరము వ్యాధి తిరుగబెట్టుటను పసిగట్టుటయందును, అపాయము అధికముగ నున్నవారిని ఎంచి పరీక్షించుటయందును, మందు పనిచేయుచున్నదో లేదో వారములలోనే తెలిసికొనుటయందును నానో సంవేదకములు ముందుగా ఉపకరింపవచ్చును. ఆ మూడు పనులనుండి ఆరంభించి, ఆరోగ్యవంతుల సామూహిక పరీక్షకు నెమ్మదిగ సాగుట క్షేమకరమైన మార్గము.